బ్రేక్ ప్యాడ్లతో పాటు డిస్కులూ మార్చాలా? ముందు పాత ప్యాడ్లు చేతిలోకి తీసుకుని చూడండి

మీరు చెప్పినదాన్ని బట్టి సంగతి ఇది. మెల్లగా బ్రేక్ వేస్తే ముందు ఎడమ చక్రం దగ్గర కీచుమంటోంది. వేగంలో ఉండగా బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది. ముందు చక్రాల ప్యాడ్లు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కును రెండు వైపుల నుంచి అదిమే పలకలు, మార్చి ఏడాది కూడా కాలేదు. గ్యారేజీలో చక్రం విప్పకుండానే ప్యాడ్లు, డిస్కులు రెండూ మార్చాలన్నారు. డిస్కులు నిజంగా మార్చాలా, ప్యాడ్లు ఇంట్లో నేనే మార్చుకోవచ్చా అని మీ ప్రశ్న.

రెండింటికీ జవాబు చెబుతాను. కానీ మీరు అడగని ఇంకో ప్రశ్న వీటికంటే ముఖ్యం: ఎడమ వైపే అంత త్వరగా ఎందుకు అరిగింది? ప్యాడ్లు మార్చడం చేతకాక ఇబ్బంది పడేవాళ్లను నేను చాలా తక్కువ చూశాను. ఎందుకు అరిగాయో చూడకుండా మార్చేసి, కొన్నాళ్లకే మళ్లీ అదే చప్పుడుతో వచ్చేవాళ్లే ఎక్కువ. మీ విషయంలో కిందటిసారి జరిగింది కూడా అదే అయ్యుండొచ్చు.

ముందు ఆ కీచు సంగతి. చాలా ప్యాడ్లకు పక్కన చిన్న రేకు ముక్క ఉంటుంది. లైనింగ్, అంటే డిస్కుకు రాసుకుని అరిగే పొర, రెండు మూడు మిల్లీమీటర్లకు అరిగేసరికి ఆ రేకు డిస్కుకు తగిలి కీచుమంటుంది. ప్యాడ్లు అయిపోవచ్చాయని చెప్పడానికే దాన్ని పెట్టారు. కొన్ని కార్లలో రేకు బదులు వైరుతో సెన్సర్ ఉంటుంది, అది డాష్‌బోర్డు మీద లైటు వెలిగిస్తుంది. కొత్త ప్యాడ్ మీద లైనింగ్ సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయడమే. చూసేటప్పుడు ఒక పొరపాటు చాలామంది చేస్తారు. లైనింగ్ వెనక ఉన్న ఇనుప పలకను కూడా కలిపి లెక్కేసుకుని 'ఇంకా బోలెడు ఉందిలే' అనుకుంటారు. ఆ పలకే దాదాపు 5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇంకోటి, చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూస్తే కనిపించేది బయటి ప్యాడ్ ఒక్కటే. లోపలి ప్యాడ్ పూర్తిగా అయిపోయి ఇనుము డిస్కును గీస్తున్నా బయటి నుంచి తెలియదు. అందుకే చక్రం విప్పకుండా చెప్పిన మాట మీద నేను ఏ నిర్ణయమూ తీసుకోను. కీచు పోయి గరగరమని ఇనుము గీసుకుంటున్న చప్పుడు మొదలైతే మాత్రం ఆ బండిని ఇక నడపకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ కారులాంటి మామూలు కార్లలో ముందు ఉండేది జారే క్యాలిపర్, అంటే ప్యాడ్లను డిస్కుకు రెండు వైపుల నుంచి అదిమే పట్టకారులాంటి భాగం. పిస్టన్ ఒక వైపే, లోపలి వైపు ఉంటుంది. పెడల్ తొక్కితే అది లోపలి ప్యాడ్‌ను డిస్కు మీదికి నెడుతుంది. ప్యాడ్ డిస్కుకు ఆనాక, క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద వెనక్కి జరిగి బయటి ప్యాడ్‌ను కూడా లాక్కొచ్చి డిస్కుకు అదుముతుంది. పెడల్ వదిలితే పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగ్ అంటూ ఏమీ లేదు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు బ్రేక్ వేసినప్పుడు కాస్త మెలితిరిగి, వదలగానే తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. అంతే. ఈ మొత్తం ఏర్పాటు నడిచేది ఆ వెంట్రుకవాసి కదలిక మీద. పిన్నుకు కాస్త తుప్పు పట్టినా, ప్యాడ్ చెవులు (రెండు కొసల్లో బయటికి ఉండే ముక్కలు) కూర్చునే చోట మడ్డి పేరుకున్నా, ప్యాడ్ డిస్కును వదలదు. బ్రేక్ వేయకపోయినా రోజంతా రాసుకుంటూనే ఉంటుంది.

అందుకే పాత ప్యాడ్లు విప్పగానే పారేయకండి. నాలుగింటినీ నేల మీద వరసగా పెట్టండి, ఏది ఏ వైపుదో, లోపలిదో బయటిదో చాక్‌పీసుతో రాసి మరీ. అవి మీకు చాలా చెబుతాయి.

ఒకే చక్రంలో లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది ఇంకా మందంగా ఉంటే, పిస్టన్ వెనక్కి రావట్లేదు, లేదా పిన్నులు పట్టేసి క్యాలిపర్ జరగక భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతోంది. బయటి ప్యాడే ఎక్కువ అరిగితే బ్రేక్ వేసినప్పుడు క్యాలిపర్ జరిగింది కానీ వదిలాక తిరిగి రావట్లేదు, అంటే పిన్నుల మీదే అనుమానం. ప్యాడ్ ఒక కొస మందంగా, ఇంకో కొస పలచగా ఏటవాలుగా అరిగితే రెండు పిన్నుల్లో ఒకటి పట్టేసింది, లేకపోతే ప్యాడ్ చెవి దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్‌లో ఇరుక్కుపోయింది. లైనింగ్ అంచులు పెళుసెక్కి రాలుతున్నా, ముఖం గాజులా మెరుస్తున్నా అది బాగా వేడెక్కిందని గుర్తు.

ఇక ఎడమ చక్రంలో రెండు ప్యాడ్లూ సమానంగా అరిగి, కుడి చక్రంలో రెండూ దాదాపు కొత్తవాటిలా ఉన్నాయనుకోండి. అందరూ ఎడమ క్యాలిపర్ పాడైందనే అనుకుంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ కుడి వైపు క్యాలిపర్ పట్టేసి అసలు పనే చేయకపోతే కూడా ఎడమ ప్యాడ్లు ఇలాగే అరుగుతాయి, ఎందుకంటే బండిని ఆపే పనంతా అదొక్కటే చేస్తోంది. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. బ్రేక్ వేయనప్పుడు కూడా బండి ఎడమకు లాగుతూ, కాసేపు నడిపాక ఎడమ చక్రం దగ్గర వేడి ఎక్కువగా ఉంటే ఎడమ వైపు పట్టేసినట్టు. మామూలుగా తిన్నగా వెళ్తూ, బ్రేక్ తొక్కినప్పుడు మాత్రమే ఎడమకు లాగితే కుడి క్యాలిపర్‌ను చూడండి. టైర్లలో గాలి సమంగా ఉందని ముందే చూసుకున్నాకే ఈ పరీక్ష.

డిస్కుల దగ్గరికి వద్దాం. డిస్కును కంటితో చూసి మార్చాలనో అక్కర్లేదనో చెప్పలేం, కొలవాలి. దాదాపు ప్రతి డిస్కు మీద, అంచు మీదనో మధ్య టోపీ భాగం మీదనో, ఎంత మందం వరకు వాడొచ్చో ఆ అంకె పోతపోసి ఉంటుంది. కొత్త డిస్కుకూ ఆ కనిష్ఠానికీ తేడా చాలా కార్లలో రెండు మూడు మిల్లీమీటర్లే. వెర్నియర్‌తో కొలిస్తే ఒక చిక్కు ఉంది: ప్యాడ్ తగలని బయటి అంచు అరగక గట్టులా లేచి ఉంటుంది, వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద ఆగి మందం ఎక్కువ చూపిస్తాయి. డిస్కుకు రెండు వైపులా ఒకే రకం నాణెం చెరొకటి ఆనించి, నాణేలతో కలిపి కొలిచి, ఆ తర్వాత రెండు నాణేల మందం తీసేయండి. మైక్రోమీటర్ ఉంటే ఈ అవస్థ లేదు. చుట్టూ ఏడెనిమిది చోట్ల కొలవండి. కనిష్ఠానికి తగ్గినా, పగులు కనిపించినా, గోరు పట్టేంత లోతు గాట్లు పడినా డిస్కులు మార్చాలి, రెండు వైపులా ఒకేసారి. ఇవేవీ లేకుండా మందం బాగానే ఉంటే పాత డిస్కుల మీదే కొత్త ప్యాడ్లు వేసుకోవచ్చు. కనిష్ఠానికి అర మిల్లీమీటరు దూరంలో ఉంటే నేనైతే మార్చేయమంటాను. కొత్త ప్యాడ్లు సగం అరిగేలోపే ఆ డిస్కు హద్దు దాటుతుంది, మళ్లీ అంతా విప్పాలి.

వణుకు గురించి. స్టీరింగ్‌లో వణుకు వస్తే సాధారణంగా ముందు డిస్కులదే. 'వేడికి డిస్కు వంగిపోయింది' అని అందరూ అనేస్తారు గానీ, చాలావరకు జరిగేది వేరు. డిస్కు చుట్టూ మందం ఒకేలా ఉండదు. 0.02 మిల్లీమీటర్ల తేడా వచ్చినా చాలు, ఆ మందమైన చోటు ప్యాడ్ల మధ్యకి వచ్చిన ప్రతిసారీ పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది, అదే మీ చేతికి తెలుస్తుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? కొన్నిసార్లు ప్యాడ్ పదార్థం ఒకచోట ఎక్కువగా అంటుకోవడం వల్ల. ఇంకా ఎక్కువసార్లు హబ్ మీద, అంటే డిస్కూ చక్రమూ బిగించే మధ్య భాగం మీద, తుప్పు వల్ల. పాత డిస్కు తీసి, హబ్ ముఖం శుభ్రం చేయకుండా కొత్త డిస్కు ఎక్కిస్తే, తుప్పు పొక్కు మీద అది కాస్త ఓరగా కూర్చుంటుంది. మొదట్లో ఏమీ తెలియదు. అలా ఓరగా తిరుగుతూ, బ్రేక్ వేయనప్పుడు కూడా ప్రతి చుట్టులో ఒకేచోట ప్యాడ్‌కు రాసుకుని, కొన్ని వేల కిలోమీటర్లకు అక్కడ పలచబడుతుంది. అప్పుడు వణుకు మొదలవుతుంది, జనం డిస్కు కంపెనీని తిట్టుకుంటారు. చక్రం నట్లను ఎయిర్ గన్‌తో ఒకటి బిర్రుగా, ఇంకోటి వదులుగా బిగించినా ఇలాంటి గొడవే. కాబట్టి మీ డిస్కుల మందం సరిపోతుంటే, హబ్ శుభ్రం చేసి, మంచి పనివాడి దగ్గర డిస్కులకు లేత్ పట్టించి ముఖం సమం చేయించడం ఒక దారి. పట్టించాక కూడా కనిష్ఠం కంటే పైనే ఉండాలన్నది షరతు. లేదంటే కొత్తవే.

ఇంట్లో చేసుకోవచ్చా? ముందు డిస్క్ బ్రేకుల ప్యాడ్లు మార్చడం, స్పానర్ పట్టడం అలవాటున్నవాళ్లకు సగం రోజు పని. సమతలంగా, గట్టిగా ఉన్న నేల కావాలి, జాకీ స్టాండ్లు కావాలి, టార్క్ రెంచ్ (చెప్పినంత బిగువుకే, అంటే టార్క్‌కే, బిగించే స్పానర్) కావాలి. వట్టి జాకీ మీద లేపిన బండి కింద చెయ్యి కూడా పెట్టకండి, ఇందులో నాకు రెండో మాట లేదు. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డలు పెట్టండి. ఒకసారి ఒక వైపే విప్పండి. అనుమానం వస్తే రెండో వైపు చూసి ఏ క్లిప్పు ఎటు ఉందో పోల్చుకోవచ్చు.

క్యాలిపర్ విప్పాక దాన్ని బ్రేక్ గొట్టానికి వేలాడనివ్వకండి. గట్టి తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి. బ్రేక్ ధూళిని గాలితో ఊదకండి, బ్రష్‌తో పొడిగా దులపకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఇప్పటివాటి ధూళి కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్రేక్ క్లీనర్ కొట్టి తడి గుడ్డతో తుడవండి, మాస్కు పెట్టుకోండి.

ఇక్కడి నుంచి చేసే పనే మీ ఎడమ వైపు కథను తేలుస్తుంది, తొందరపడకండి. రెండు పిన్నులూ చేత్తో పట్టుకుని లాగండి. రెండు వేళ్లతో లాగితే జారుతూ రావాలి, నొక్కితే లోపలికి పోవాలి. మెలితిప్పి ఊపితేగానీ రాకపోతే మీకు జవాబు దొరికినట్టే. బయటికి తీసి చూడండి. పాత గ్రీజు గట్టిపడి గోధుమరంగు జిగురులా పట్టి ఉంటుంది, రబ్బరు బూటు (దుమ్ము చొరకుండా కాపాడే కవరు) చిరిగి ఉంటే పిన్ను మీద తుప్పు గుంటలు కనిపిస్తాయి. గుంటలు పడిన పిన్నును ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ వాడకండి, కొత్త పిన్నులు, బూట్లు సెట్‌గా దొరుకుతాయి. పిన్ను దూరే రంధ్రం లోపల కూడా శుభ్రం చేయాలి, చాలామంది వదిలేసేది దాన్నే. కొన్ని క్యాలిపర్లలో ఒక పిన్నుకు చివర రబ్బరు తొడుగు ఉంటుంది, రెండో దానికి ఉండదు. ఏది ఎక్కడిదో అక్కడే పెట్టండి, తారుమారు చేయకండి. గ్రీజు మాత్రం బ్రేకుల కోసం తయారైన సిలికాన్ గ్రీజే వాడాలి. బేరింగులకు పెట్టే మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి, బాగున్న పిన్ను కూడా పట్టేస్తుంది. కిందటిసారి మీ బండికి ఎవరైనా ఇదే చేసి ఉంటే ఆశ్చర్యం లేదు.

తర్వాత బ్రాకెట్. ప్యాడ్ చెవులు కూర్చునే చోట స్టీలు క్లిప్పులు తీసేసి, వాటి కింద పేరుకున్న తుప్పును వైర్ బ్రష్‌తో, ఆకురాయితో ఇనుము కనిపించేదాకా తీయండి. ఆ తుప్పు లావెక్కి క్లిప్పును పైకి నెట్టి ప్యాడ్‌ను బిగబట్టేస్తుంది. కొత్త క్లిప్పులు వేశాక ప్యాడ్ చేత్తో అటూ ఇటూ సులువుగా జరగాలి. సుత్తితో కొడితేగానీ కూర్చోని ప్యాడ్‌ను అలాగే వదిలేయకండి.

పిస్టన్ వెనక్కి నెట్టే ముందు బానెట్ తీసి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి వచ్చి డబ్బాలో మట్టం తగ్గుతుంది. అది సహజం. మధ్యలో ఎవరైనా నింపి ఉంటే, పిస్టన్ నెట్టగానే పొంగి పెయింటు మీద పడుతుంది. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది, పడితే వెంటనే నీళ్లు పోసి కడగాలి. ఎక్కువుంటే ముందే కొంచెం తీసేయండి. పాత ప్యాడ్‌ను అడ్డం పెట్టి సి-క్లాంపుతో మెల్లగా, తిన్నగా నెట్టండి. పిస్టన్ చుట్టూ బూటు చిరిగి ఉన్నా, తడిగా ఉన్నా, బాగా బలం పెడితేగానీ కదలకపోయినా ఆ క్యాలిపర్‌ను బాగు చేయించాలి లేదా మార్చాలి. అక్కడ ఆగిపోండి. వెనక చక్రాల క్యాలిపర్లకు ఇదే పద్ధతి వాడకండి. హ్యాండ్ బ్రేక్ అందులోనే కలిసి ఉన్నవాటిలో చాలావరకు పిస్టన్‌ను ప్రత్యేక పనిముట్టుతో తిప్పుతూ లోపలికి పంపాలి. ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేక్ ఉంటే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. బలవంతంగా నొక్కితే లోపలి యంత్రాంగం పాడవుతుంది.

కొత్త ప్యాడ్ల మీద బాణం గుర్తు ఉంటే అది బండి ముందుకు వెళ్లేటప్పుడు డిస్కు తిరిగే వైపు ఉండాలి. లైనింగ్ మీద గ్రీజు చుక్క కూడా పడకూడదు. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవండి. బోల్టులు, చక్రం నట్లు మీ బండి మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే బిగించండి. నట్లు ఎదురెదురుగా, విడతలుగా బిగించాలి.

బండి కదిలించే ముందు ఇది మర్చిపోకండి: పిస్టన్ వెనక్కి వెళ్లింది కాబట్టి మొదటిసారి పెడల్ ఖాళీగా కిందికి పోతుంది. బండి నిలిపి ఉండగానే సగం దూరం వరకు మెల్లగా పలుమార్లు తొక్కి, పెడల్ గట్టిపడ్డాకే గేరు వేయండి. నేలకు తగిలేలా తొక్కొద్దు. పాత మాస్టర్ సిలిండర్‌లో, అంటే పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే భాగంలో, ఎప్పుడూ తిరగని భాగం గరుకెక్కి ఉంటుంది, సీలు అక్కడిదాకా వెళ్తే చిరగొచ్చు. గట్టిపడ్డ పెడల్ కాలు అలాగే ఉంచితే మెల్లగా కిందికి జారుతుంటే మాస్టర్ సిలిండర్ అనుమానం. స్పంజిలా మెత్తగా ఉంటే ఆయిల్‌లో గాలి చేరింది, బ్లీడింగ్ చేయాలి, అంటే ఆ గాలిని బయటికి పంపాలి.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలని చాలా కంపెనీలు చెబుతాయి. మీరు కిందటిసారి మార్చినట్టు రాయలేదు కాబట్టి ఇప్పుడే మార్పించండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలు. డాట్ 3కి ఇవే 205, 140. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేక్ మీద కాలు పెట్టే ఉంచితే ఆ వేడికి పాత ఆయిల్ మరిగి ఆవిరి పుడుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది గనుక పెడల్ తొక్కినా బండి ఆగదు. మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే పోయండి. డాట్ 5 అనేది సిలికాన్ రకం, మిగతావాటితో కలపకూడదు. డాట్ 5.1 వేరు, దాన్ని చూసి పొరబడకండి.

ప్యాడ్లు, డిస్కు ఒకదానికొకటి సర్దుకోవాలి. ఖాళీ రోడ్డు మీద గంటకు 50, 60 కిలోమీటర్ల నుంచి పది దాకా ఒక మోస్తరు బ్రేక్‌తో తగ్గించండి. పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకోండి. ఇలా ఎనిమిది, పది సార్లు చేసి, తర్వాత చల్లారేలా కాసేపు బ్రేక్ ముట్టకుండా నడపండి. ప్యాడ్ కంపెనీ వేరే పద్ధతి రాసి ఇస్తే అదే పాటించండి. వేడిగా ఉన్న డిస్కు మీద ప్యాడ్‌ను అదిమిపెట్టి ఆగితే అక్కడే పదార్థం అంటుకుని మళ్లీ వణుకు మొదలవుతుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు, తప్పనిసరైతే తప్ప, గట్టి బ్రేకులు వద్దు.

వెనక చక్రాలకు డిస్కుల బదులు డ్రమ్ములుంటే వాటిని కూడా విప్పి చూడమనండి. లోపల తడి కనిపిస్తే షూలను (డ్రమ్ములో ప్యాడ్ల పని చేసేవి) నెట్టే వీల్ సిలిండర్ కారుతోంది, నూనె తాగిన షూలు ఇక పనికిరావు.

అన్నీ పూర్తయ్యాక ఇరవై నిమిషాలు నడిపి, రెండు ముందు చక్రాల రిమ్ముల దగ్గరికి చెయ్యి పోనిచ్చి చూడండి. తాకొద్దు, వేడి సెగ చాలు. రెండూ ఒకేలా ఉంటే మీ సమస్య పిన్నులదే, అది తీరింది. ఎడమది ఇంకా ఎక్కువ వేడిగా ఉంటే, బండి నిలిపి, చల్లారనిచ్చి, ఆ చక్రాన్ని స్టాండు మీద లేపి చేత్తో తిప్పండి. బిగుసుకుని ఉంటే క్యాలిపర్ మీద గాలి వదిలే బ్లీడర్ నట్టును కొద్దిగా వదులు చేయండి. చుక్క ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే తేలిగ్గా తిరిగితే, ఒత్తిడి లోపలే నిలిచిపోతోందన్నమాట. ఎక్కువగా దీనికి కారణం రబ్బరు గొట్టం. పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి పొర ఉబ్బి, ఆయిల్‌ను పోనిస్తుంది కానీ వెనక్కి రానివ్వదు. రెండు వైపులా గొట్టాలు మార్పించి బ్లీడింగ్ చేయించండి. బ్లీడర్ తెరిచినా చక్రం అలాగే పట్టి ఉంటే పిస్టన్ తుప్పు పట్టింది, ఆ క్యాలిపర్ మార్చాలి.